చిలీ మాఫీ, దక్షిణాఫ్రికా క్షమాభిక్ష

1978లో చిలీ సైనిక ప్రభుత్వం ఒక్క శాసనంతో తనవాళ్ల నేరాలు చాలావాటిని మాఫీ చేసేసింది. ఎవరూ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. ఆ ఏడాది చివర్లోనే లోంకేన్ అనే చోట సున్నపు బట్టీల్లో 15 మంది శవాలు బయటపడ్డాయి. 1973లో పోలీసులు పట్టుకెళ్లిన పల్లెటూరి మనుషులు వాళ్లు. కబురు ముందు చేరింది కార్డినల్ సిల్వా స్థాపించిన చర్చి సంస్థకే. కేసు నడిచింది గానీ, 1979లో అదే శాసనం చూపించి మూసేశారు. బైబిల్లో యిర్మీయా ప్రవక్త మండిపడింది ఇలాంటి పైపై శాంతి మీదే: పుండు కడగకుండా పైన కట్టు కట్టడం.

దక్షిణాఫ్రికాలోనూ వర్ణవివక్ష కాలపు నేరాలకు క్షమాభిక్ష ఇచ్చారు, కానీ షరతు మీద. చేసిందంతా దాచకుండా చెప్పాలి. 1996 ఏప్రిల్‌లో అక్కడి ఈస్ట్ లండన్ నగరంలో సత్యం, సయోధ్య కమిషన్ విచారణలు మొదలయ్యాయి. చిత్రహింసలు పడి చక్రాల కుర్చీ పాలైన ఓ పెద్దాయన చెప్పలేక ఏడుస్తుంటే, కమిషన్ అధ్యక్షుడు ఆర్చ్‌బిషప్ టూటూ బల్ల మీద తల వాల్చి ఏడ్చేశారు. 7 వేలకు పైగా దరఖాస్తులు వస్తే క్షమాభిక్ష దక్కింది 849 మందికి.

నా మనసు రెండోదాని వైపే. అయినా బైబిల్లోని పన్ను వసూలుదారు జక్కయ్య ఒప్పుకోలుతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. దక్షిణాఫ్రికాలో కమిషన్ బాధితులకు ఆరేళ్లపాటు ఏటా పరిహారం ఇమ్మంటే, 2003లో ప్రభుత్వం ప్రకటించింది ఒక్కొక్కరికి ఒకే ఒక్కసారి 30 వేల ర్యాండ్లు.