పోత ఇనుము గిన్నెలో పొట్టేలు మాంసం, ఉర్లగడ్డల క్యాసరోల్: కొనేముందు కొలవాల్సినవి, వండేటప్పుడు చూసుకోవాల్సినవి

తీర్పు ముందే చెప్పేస్తే మేలు. ఇంట్లో ఓవెన్ ఉండి, మాంసాన్ని నిదానంగా మగ్గించే వంటలు తరచూ చేసేవాళ్లు ఎనామిల్ పూసిన పోత ఇనుము గిన్నె కొనుక్కోవచ్చు. ఓవెన్ లేనివాళ్లకు ఆ ఖర్చు అనవసరం. ఇక్కడ చెబుతున్నది 26 సెం.మీ. వెడల్పు ఉండి, సుమారు 5 లీటర్లు పట్టే రకం. మూతతో కలిపి 5, 6 కిలోలు తూగుతుంది. మన దేశపు కంపెనీలవి ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే వస్తాయి. యూరప్ నుంచి వచ్చేవి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి, కానీ ఈ ఒక్క వంట వరకు ఆ తేడా రుచిలో తెలియదు. నెల్లూరు, ఒంగోలు పాత్రల అంగళ్లలో పోత ఇనుము దోసె పెనాలు దొరికినంత సులువుగా ఇవి దొరకవు. ఆన్‌లైన్‌లో ‘క్యాసరోల్’ అని కొడితే చపాతీల హాట్ బాక్సులు వరస కడతాయి. ఈ గిన్నెకు ఇంగ్లిషు పేరు ‘డచ్ ఓవెన్’, అలాగే వెతకండి.

వంట సంగతి. క్యాసరోల్ అంటే మూత పెట్టి ఓవెన్‌లో నిదానంగా మగ్గించే వంట. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో దీన్ని హాట్‌పాట్ అంటారు. అడుగున గొర్రె మాంసం, ఎర్రగడ్డలు, వాటి మీద చక్రాలుగా కోసిన ఉర్లగడ్డలు పేర్చి, సన్నని సెగ మీద ఓవెన్‌లో గంటల తరబడి ఉంచుతారు. మన మాంసం ఇగురులో ఉర్లగడ్డ ముక్క మసాలాలో కలిసిపోతుంది. ఇందులో అది మాంసం మీద కప్పు. కింది వరస మాంసం రసం పీల్చుకుని వెన్నలా మెత్తబడాలి, పై వరస ఎర్రగా కాలి కరకరలాడాలి. రెండూ ఒకే గిన్నెలో జరగాలి కాబట్టి గిన్నె వెడల్పు, మూత బిగువు ముందు చూసుకోవాలి. లోహం సంగతి ఆ తర్వాతే.

వెడల్పు లెక్క ఇది. ఐదారుగురికి ఎముకతో ఉన్న మాంసం 1 కిలో, ఉర్లగడ్డలు 800 గ్రాములు కావాలి. 26 సెం.మీ. గిన్నె లోపలి చోటు దాదాపు 530 చదరపు సెం.మీ. 800 గ్రాముల ఉర్లగడ్డను అందులో పరిస్తే మందం 1.4 సెం.మీ. వస్తుంది. 4 మి.మీ. చక్రాలైతే మూడు వరసలు దాటి ఇంకొంచెం. కావాల్సింది అంతే. 22 సెం.మీ. గిన్నెలో అదే ఉర్లగడ్డ 2 సెం.మీ. మందం అవుతుంది. మధ్య వరస ఉడకడం ఆలస్యమవుతుంది, పైన ఎర్రబడే చోటూ తగ్గిపోతుంది. 30 సెం.మీ. గిన్నెలో రసం పలచగా పరుచుకుని త్వరగా ఇగిరిపోతుంది, పైగా మామూలు ఇంటి ఓవెన్‌లో అది పట్టేదీ అనుమానమే.

మూతను పరీక్షించే పద్ధతి సులువు. గిన్నెలో 1 లీటరు నీళ్లు పోసి, తెర్లాక మంట బాగా తగ్గించి, మూత పెట్టి గంటసేపు ఉంచండి. చల్లారాక కొలవండి. నీళ్లలో ఐదో వంతు కంటే ఎక్కువ పోయుంటే మూత వదులుగా ఉన్నట్టే. దమ్ బిరియానికి చేసినట్టు గోధుమపిండి ముద్ద అంచు చుట్టూ అతికితే సరిపోతుంది, కానీ చివర్లో మూత తీసి ఎర్రగా కాల్చాల్సిన వంటకు అది పెద్ద తలనొప్పి. కొన్నిటికి మూత మీద పిడి ప్లాస్టిక్ లాంటి నల్లని పదార్థంతో ఉంటుంది. అది ఎంత వేడి తట్టుకుంటుందో పెట్టె మీద చూసుకోండి. స్టీలు పిడి ఉన్నదే కొనడం మంచిది.

ఇప్పుడు ఓవెన్. మన ఇళ్లలో ఉండేవి ఎక్కువగా ఓటీజీలు, అంటే బల్ల మీద పెట్టే చిన్న కరెంటు ఓవెన్లు. పెట్టె మీద రాసిన లీటర్లు చూసి గిన్నె పడుతుందనుకోకండి. కింది జాలీ నుంచి పై రాడ్ దాకా స్కేలు పెట్టి కొలవండి. గిన్నె ఎత్తు, మూత, పిడి కలిపాక కూడా పై రాడ్‌కు కనీసం 3 సెం.మీ. ఎడం ఉండాలి. తలుపు గాజుకు పిడులు తగలకుండా అడ్డంగానూ కొలుచుకోండి. 1500 వాట్ల ఓటీజీ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి లైటుకూ ఫ్యానుకూ వాడే 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్లది కావాలి.

వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇంకో చిక్కుంది. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 230 నుంచి 200కు దిగితే దక్కేది నాలుగింట మూడు వంతులే. అందరూ ఏసీలు వేసుకునే ఎండాకాలం సాయంత్రాల్లో ‘రెండు గంటలు’ అని రాసున్న వంట రెండున్నర గంటలు పట్టడానికి కారణం చాలాసార్లు ఇదే. ఓవెన్ థర్మామీటరు ఒకటి లోపల వేలాడదీస్తే అనుమానం తీరుతుంది. పోత ఇనుము నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఒకసారి వేడెక్కిందంటే త్వరగా వదలదు, పావుగంట కరెంటు పోయినా లోపల ఉడుకు ఆగదు. గాజు డిష్‌లో ఈ ధీమా ఉండదు.

మాంసం ఎంపికలో మెడ, ముందుకాలు అడగండి. తొడ కండ ఈ వంటలో పీచుపీచుగా ఎండిపోతుంది. మెడలో, ముందుకాలిలో కండల మధ్య ఉండే తెల్లని పొరలే గంటల సెగకు కరిగి రసాన్ని చిక్కగా, పెదాలకు అంటుకునేలా చేస్తాయి. నెల్లూరు జాతి గొర్రె మన దేశంలో అన్నిటికంటే పొడుగైన జాతి. పల్ల, జోడిపి, దోర అని మూడు రకాలు. ఏ రకం పొట్టేలైనా ఫరవాలేదు, వయసే ముఖ్యం. లేతదైతే గంటన్నరలో ఉడుకుతుంది, ముదురుదైతే రెండున్నర గంటలు. ఇంగ్లండ్ గొర్రెలంత కొవ్వు వీటికి పట్టదు కాబట్టి పైన 30 గ్రాముల నెయ్యి మనమే చేర్చుకోవాలి. ఆదివారం పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికే వండితే కండ బిగుసుకున్న సమయంలో వండినట్టవుతుంది. శనివారమే తెచ్చి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి వండితే తేడా నోటికే తెలుస్తుంది.

ఉర్లగడ్డల్లో తొక్క పలచగా, కొత్తగా మెరిసేవి ఈ వంటకు వద్దు. వాటిలో నీరు ఎక్కువ, పిండి తక్కువ. తొక్క గట్టిపడిన పాత గడ్డ మేలు. రకం పేరు తెలిసి కొనే వీలుంటే కుఫ్రి చిప్సోనా పైవరసకు చాలా బాగా కాలుతుంది, కుఫ్రి జ్యోతి మధ్యరకం, పసుపు పచ్చని పుఖ్రాజ్ మెత్తగా నీరుకారుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డలో చలికి పిండి కొంత చక్కెరగా మారి ఉంటుంది. అది లోపల ఉడక్కముందే పైన నల్లబడుతుంది. కాస్త తియ్యగా అనిపించే గడ్డ అయితే చివరి కాల్పులో పక్కనే నిలబడి చూసుకోవాలి. పచ్చరంగు తిరిగిన గడ్డలు పారేయండి.

వండే తీరు. మాంసం కడిగాక నీళ్లు పూర్తిగా వడకట్టి, గుడ్డతో ఒత్తి తడి తీయాలి. మన ఇళ్లలో ఎక్కువగా తప్పేది ఈ పనే. తడి మాంసం వేగదు, తన నీళ్లలో తానే ఉడికి బూడిదరంగుకు తిరుగుతుంది. 2 చెంచాల మైదా, 2 చిన్న చెంచాల ఉప్పు, 1 చిన్న చెంచా మిరియాల పొడి ముక్కలకు పట్టించండి. గిన్నెను మధ్యరకం మంట మీద పెట్టి, వెంటనే 3 చెంచాల నూనె పోయాలి. ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద కాగనిస్తే ఎనామిల్ చిట్లుతుంది. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా మూడు నాలుగు విడతలుగా ఎర్రగా వేయించి తీయండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే వేడి పడిపోయి నీళ్లు ఊరుతాయి.

అదే నూనెలో నిలువుగా కోసిన ఎర్రగడ్డలు 300 గ్రాములు, నాలుగు తెల్లగడ్డ పాయలు వేసి, దోరగా వేగాక పావు చిన్న చెంచా వాము నలిపి వేయండి. ఇంగ్లండ్ వంటలో పడే థైమ్ ఆకుకు ఆ వాసన ఇచ్చేది థైమాల్. మన వాములోనూ అదే ఉంది కాబట్టి పొదుపుగా వాడితే చక్కగా అమరుతుంది. బిరియాని ఆకు ఒకటి చాలు. గరం మసాలా వేస్తే ఇది మామూలు మటన్ కూర అయిపోతుంది, వద్దు. అర లీటరు వేడినీళ్లు పోసి, అడుగున అంటిన ఎర్రటి పెచ్చును చెక్క గరిటెతో గీరి కలపండి. రుచంతా అందులోనే ఉంది. చన్నీళ్లు పోయకండి, ఎనామిల్‌కు మంచిది కాదు.

మాంసం తిరిగి గిన్నెలో పరిచి, ఉర్లగడ్డ చక్రాలు అంచులు ఒకదానిమీదకి ఒకటి వచ్చేలా పేర్చండి. కింది వరసల చక్రాలు కడగొద్దు, పైనున్న పిండి వాటిని పట్టి ఉంచుతుంది. పై వరస చక్రాలు మాత్రం కడిగి, తుడిచి పెడితే బాగా కరకరలాడుతాయి. ప్రతి వరస మీదా చిటికెడు ఉప్పు. రసం కింది వరసను తాకాలి, పై వరసను ముంచకూడదు. పైన నెయ్యి పూసి, మూత పెట్టి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు. లోపల రసం తెర్లకూడదు, అక్కడక్కడ బుడగ లేస్తే చాలు. తరవాత మూత తీసి, మళ్లీ కాస్త నెయ్యి పూసి, 210 డిగ్రీలకు పెంచి, రెండు రాడ్లూ వేసి 25 నుంచి 30 నిమిషాలు. తీశాక పావుగంట కదపకుండా ఉంచితే రసం చిక్కబడుతుంది.

ఉర్లగడ్డ ఎంతసేపటికీ ఉడకలేదంటే పులుపే కారణం అయ్యుంటుంది. టమాటా, పెరుగు, చింతపండు ఏది పడినా గడ్డ బిరుసుగానే ఉండిపోతుంది. టమాటా తప్పదనుకుంటే మాంసంతో ముందే గంటసేపు మగ్గించి, చక్రాలను ఐదు నిమిషాలు ఉప్పునీళ్లలో విడిగా ఉడికించి పేర్చాలి. అడుగు మాడితే గిన్నె కింది రాడ్‌కు మరీ దగ్గరగా ఉన్నట్టు. జాలీ ఒక మెట్టు పైకి జరిపే ఎత్తు లేకపోతే కింద ఓవెన్ ట్రే ఒకటి అడ్డం పెట్టండి. ముక్క గట్టిగా ఉంటే సెగ పెంచకండి, సమయం పెంచండి.

అన్నంలోకి కావాలంటే నీళ్లు అర లీటరుకు బదులు 700 మి.లీ. పోసి, మిరియాలు రెట్టింపు చేయండి. ఇంగ్లిషు కొలత ప్రకారం వచ్చే రసం కలుపుకోవడానికి చాలదు. మొలగొలుకుల అన్నంతో చాలా బాగుంటుంది.

కుక్కర్ దారి కూడా తప్పేం కాదు. మాంసం వేయించి, కుక్కర్లో మూడు నాలుగు కూతలు రానిచ్చి, గాజు డిష్‌లో పోసి, పైన చక్రాలు పేర్చి, ఫాయిల్ కప్పి 180 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు, తరవాత ఫాయిల్ తీసి ఎర్రగా కాల్చితే సుమారు రెండు గంటల్లో అయిపోతుంది. రసంలో ఆ చిక్కదనం కొంత తగ్గుతుంది గానీ గిన్నె ఖర్చు మిగులుతుంది. చేపల పులుసు దాకలోనూ వండొచ్చు కదా అంటే, మట్టి పాత్ర ఈ వంటకు సొంతమే. కానీ పులుసు వండిన దాక వద్దు, మట్టి ఆ వాసన వదలదు. వేరే దాక పెట్టుకోండి, మాంసం వేయించడం మాత్రం బాణలిలో చేయండి. ఓవెనే లేకపోతే మందపాటి పెనం మీద గిన్నె పెట్టి చిన్న మంట మీద మగ్గించి, పై వరస చక్రాలను విడిగా వేయించి పేర్చుకోవాలి. అలాంటప్పుడు ఈ ఖరీదైన గిన్నె అక్కర్లేదు, మందపాటి అల్యూమినియం గిన్నె చాలు.

బరువు గురించి గట్టిగా చెప్పాలి. వంటతో కలిపి గిన్నె 8 కిలోలు దాటుతుంది. ఓటీజీ తేలికది. జాలీని బయటికి పూర్తిగా లాగితే బరువుకు ఓవెనే ముందుకు ఒరుగుతుంది. జాలీ లాగకుండా, రెండు చేతులకూ మందపాటి గ్లవ్స్ వేసుకుని గిన్నెనే ఎత్తి తీయండి. పలచని మసిగుడ్డ పనికిరాదు. గాజు పలక స్టవ్ మీద ఈ గిన్నెను ఈడ్చకండి.

కడిగేటప్పుడు స్టీలు పీచు వద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి, 2 చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు కాచితే పెచ్చులు ఊడొస్తాయి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో గాలి తేమకు, ఎనామిల్ లేని అంచు రెండు రోజుల్లో ఎర్రగా తుప్పు పడుతుంది. తుడిచి, అంచుకు చుక్క నూనె రాసి, మూతకూ గిన్నెకూ మధ్య కాగితం మడత పెట్టి దాచండి.

పార్సిల్ రాగానే గిన్నెను వెలుతురులో తిప్పి చూడండి. లోపల, ముఖ్యంగా అడుగు మూల తిరిగే చోట, ఎనామిల్ ఎక్కడైనా చిట్లి ఉంటే వాడకుండానే వెనక్కి పంపాలి. వండిన తరవాత ఎవరూ మార్చి ఇవ్వరు. మూత పెట్టి వేలితో నొక్కినప్పుడు టకటక ఊగితే అదీ వెనక్కి పంపాల్సిందే.