ఫోటోలు వెతికే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట వైపు స్టూడియోలు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు. "హార్డ్ డిస్కుల్లో ఎన్ని ఫోటోలున్నా సరే, పేరు కొడితే మనిషి ముఖం స్క్రీన్ మీదికి వస్తుంది" అంటూ ఒక డీలర్ ల్యాప్‌టాప్ పట్టుకుని షాపు షాపుకూ తిరుగుతున్నాడు. కరీంనగర్ వైపు కూడా వెళ్తున్నాడని విన్నాను. నేను అది కొని ఇరుక్కున్నాను. డీలర్‌తో గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మనకు పాత ఫోటో ఎప్పుడు అవసరం పడుతుందో మీకు తెలియనిది కాదు. ఒక ఇంట్లో పెద్దాయన పోతాడు. దశదిన కర్మకు ఫ్లెక్సీ కావాలి, గోడకు ఫ్రేమ్ కావాలి. "అన్నా, మా చెల్లె పెండ్లిల మా బాపు పట్టుపంచె కట్టుకొని దిగిన ఫోటో ఉండాలె, జర సూడవా" అని ఫోన్ వస్తుంది. పెళ్లి ఏ సంవత్సరం జరిగిందో వాళ్లకే సరిగ్గా గుర్తుండదు. మన ఫోల్డర్లేమో పెళ్లికొడుకు పేరు మీదో, ఫంక్షన్ హాల్ పేరు మీదో ఉంటాయి. ఈ తిప్పలు పడ్డవాళ్లకు ఆ డెమో చూస్తే ప్రాణం లేచి వస్తుంది.

డెమోలో వాడేవి వాళ్లు ముందే సిద్ధం చేసుకున్న ఫోటోలు. అన్నీ ఎదురుగా చూస్తున్న ముఖాలు, మంచి లైటింగు. మన పెళ్లిళ్లలో నుదుటికి బాసికం, ముఖం మీద తలంబ్రాలు, సగం మంది పక్కకు తిరిగి ఉంటారు. నా ఫోటోల మీద నడిపిస్తే ఒకే పెళ్లికూతురిని హల్దీలో ఒకరిగా, రిసెప్షన్‌లో ఇంకొకరిగా చూపించింది. అక్కాచెల్లెళ్లనేమో కలిపి ఒక్కరిని చేసింది. దీన్ని నేను పెద్ద తప్పు అనను. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముఖాలను గుంపులుగా చేసి ఇస్తుంది, పేర్లు మనమే సరిచేయాలి. మా దగ్గర పనిచేసే తమ్ముడు సీజన్ లేని నెలల్లో కూర్చుని మనుషుల పేర్లు, ఊర్లు, జీలకర్ర బెల్లం, అప్పగింతలు, సద్దుల బతుకమ్మ అంటూ ట్యాగులన్నీ ఓపిగ్గా కొట్టాడు.

అసలు దెబ్బ లైసెన్సు అయిపోయాక పడింది. రెన్యువల్ రేటు బాగా పెంచారు. కట్టనంటే సెర్చ్ బాక్స్‌కు తాళం. ఫోటోలు ఎటూ పోలేదు, డిస్కులోనే ఉన్నాయి. కానీ తమ్ముడు కొట్టిన పేర్లలో ఒక్కటి కూడా ఫోటో ఫైల్లో లేదు. అంతా ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లో ఉంది, దాన్ని బయట ఇంకే ప్రోగ్రామూ తెరవలేదు. ఆ పేర్లను బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ ఎక్కడుందని అడిగితే "పై ప్లాన్‌లో ఉంటుంది సార్" అన్నారు. మనం పని చేసి మనమే కొట్టుకున్న పేర్లకు మళ్లీ మనమే డబ్బు కట్టాలన్నమాట!

జేపెగ్ ఫైల్లోనే పేర్లు, ట్యాగులు రాసుకోవడానికి ఐపీటీసీ, ఎక్స్‌ఎంపీ అనే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎక్స్‌ఎంపీని అడోబీ 2001లోనే తెచ్చింది. రా ఫైళ్లకైతే, అంటే కెమెరా నేరుగా ఇచ్చే అసలు ఫైళ్లకైతే, పక్కన అదే పేరుతో చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు తయారవుతుంది. అక్కడ రాసి ఉంటే రేపు ఏ సాఫ్ట్‌వేర్‌కు మారినా ట్యాగులు ఫోటోతో పాటే వస్తాయి.

కాబట్టి డెమోకు వచ్చినవాడి చేత ఇలా చేయించండి. మీ సొంత జేపెగ్ ఒకటి ఇచ్చి తెలుగులో ట్యాగ్ కొట్టమనండి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. ట్యాగ్స్ దగ్గర మీరు కొట్టిన మాట కనిపించాలి. ఖాళీగా ఉన్నా, తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వచ్చినా చాయ్ తాగించి పంపించేయండి. వాట్సాప్‌లో పంపి చూడకండి, ఫోటోగా పంపితే అది ఈ వివరాలన్నీ తీసేస్తుంది.

అడోబీ వాళ్ల ఫోటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి. మనం చెప్పకపోతే అది కూడా ట్యాగులను తన క్యాటలాగ్‌లోనే, అంటే సొంత డేటాబేస్‌లోనే, ఉంచుకుంటుంది. ఫోటోలు సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ కొడితే ఫైల్లోకి వెళ్తాయి. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా రాసే ఆప్షన్ కూడా ఉంది. అందులో మనం ఫోటోలను గుంపులుగా పెట్టుకునే కలెక్షన్లు మాత్రం అలా వెళ్లవు. నేనిప్పుడు డిజికామ్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌కు మారాను, అది ఉచితం. ముఖాలు గుర్తించడంలో గొప్పగా ఏమీ లేదు గానీ ట్యాగులను ఫోటోలోనే రాయమని సెట్టింగ్స్‌లో చెప్పుకోవచ్చు.

ఇంకో సంగతి. పాత ట్యాగుల్లో హన్మకొండ, కొత్తవాటిలో హనుమకొండ అని ఉంటే రెండూ వేరువేరుగా వెతకాలి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు మార్చినప్పటి నుంచి నా దగ్గర ఈ గందరగోళమే. డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్‌లో కొట్టిన మాటలు, ఫోన్లలో కంప్యూటర్లలో ఇప్పుడు నడిచే యూనికోడ్ తెలుగు కాదు, అవి సెర్చ్‌కు అసలు దొరకవు.

ముఖాల గుర్తింపు మీ కంప్యూటర్‌లోనే జరుగుతుందా, వాళ్ల సర్వర్‌లోనా అని కూడా అడగండి. నెట్ వైరు పీకేసి డెమో ఇవ్వమంటే తేలిపోతుంది. కస్టమర్ల ఇంటి ఆడపిల్లల ఫోటోలు ఎక్కడికో వెళ్తున్నాయంటే రేపు మాట పడేది మనమే.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు బిల్లు, డెమోలో ఇచ్చిన హామీల మెసేజ్‌లు దాచి పెట్టుకుని 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని డీలర్ నాతో వాదించాడు. స్వయం ఉపాధితో బతకడం కోసమే కొన్నవాళ్లను 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు కేసు వేయాలి. నేను వేస్తున్నాను. అదే డీలర్ దగ్గర కొన్నవాళ్లెవరైనా ఉంటే బిల్లు కాపీతో నాకు మెసేజ్ పెట్టండి.