గ్రోత్ ఆప్షనా, డివిడెండ్ రీఇన్వెస్ట్‌మెంటా: రిటర్ను వేసేవారికి ఏది మేలు?

"చేతికి రూపాయి రాలేదు కదా, అది ఆదాయం ఎలా అవుతుంది?" మ్యూచువల్ ఫండ్‌లో డివిడెండ్ రీఇన్వెస్ట్‌మెంట్ ఎంచుకున్నవారు రిటర్ను వేసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చట్టం లెక్కలో ఆ సొమ్ము మీకు అందింది, దానితో మీరు మళ్లీ యూనిట్లు కొన్నారు. అది మీ బ్యాంకు ఖాతా గడప తొక్కకపోయినా పన్ను తప్పదు.

2020 మార్చి దాకా ఈ బాధ లేదు. ఫండ్ సంస్థే డివిడెండ్ పంపిణీ పన్ను కట్టేసేది. ఆ ఏప్రిల్ 1 నుంచి ఆ పన్ను ఎత్తేసి, డివిడెండ్‌ను మదుపరి ఆదాయంలో కలిపారు. మరుసటి ఏడాది సెబీ ఈ ఆప్షన్ పేరు కూడా మార్పించింది. స్టేట్‌మెంట్లలో ఐడీసీడబ్ల్యూ అని కనిపించేది అదే: ఆదాయ పంపిణీతో పాటు మూలధన ఉపసంహరణ. నోరు తిరగని పేరే, కానీ నిజాయతీ గల పేరు. మన డబ్బులోంచే మనకు ఇస్తున్నామని ఒప్పుకుంటుంది.

ఒక ఈక్విటీ ఫండ్‌లో మీకు 10,000 యూనిట్లున్నాయి, ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) రూ.30 అనుకుందాం. విలువ రూ.3 లక్షలు. యూనిట్‌కు రూ.3 డివిడెండ్ ఇచ్చారు. మొత్తం రూ.30,000, ఎన్‌ఏవీ రూ.27కు దిగింది. ఏడాదికి రూ.10,000 దాటిన డివిడెండ్ కాబట్టి 10 శాతం టీడీఎస్ (ఫండ్ ముందే కోసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పోయి, మిగిలిన రూ.27,000తో 1,000 యూనిట్లు వచ్చాయి (స్టాంపు సుంకం రూపాయిన్నర లోపే, వదిలేద్దాం). ఇప్పుడు మీ 11,000 యూనిట్ల విలువ రూ.2,97,000. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి పన్ను రూ.9,360. టీడీఎస్ పోను రూ.6,360 జేబులోంచి తీయాలి.

డివిడెండ్ ఇవ్వకుండా లాభాన్ని ఫండ్‌లోనే ఉంచేసే గ్రోత్ ఆప్షన్‌లో ఉన్న పక్కింటాయనకు రూ.3 లక్షలు అలాగే ఉన్నాయి, రిటర్నులో రాయాల్సిందీ లేదు. ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల దీర్ఘకాలిక లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

రాతకోతల విషయంలోనూ రీఇన్వెస్ట్‌మెంటే తలనొప్పి. ‘ఇతర మార్గాల ఆదాయం’ కింద చూపాల్సింది రూ.30,000, యూనిట్లుగా మారిన రూ.27,000 కాదు. చాలామంది తడబడేది ఇక్కడే, ఏఐఎస్‌లో (పన్ను శాఖ ఇచ్చే మీ వార్షిక సమాచార పత్రంలో) మాత్రం పూర్తి మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. ఇక అమ్మేటప్పుడు ప్రతి విడత యూనిట్లకూ వేరే తేదీ, వేరే కొనుగోలు ధర. ఆ రూ.27,000ను కొనుగోలు ధరగా చూపడం మరిచిపోతే ఒకే సొమ్ముపై రెండుసార్లు పన్ను కట్టినట్టే.

డివిడెండ్‌ను చేతికే తీసుకునే ఆప్షన్‌కూ పన్ను ఇంతే, కానీ కట్టడానికి డబ్బు చేతిలో ఉంటుంది. కొత్త పన్ను విధానంలో రిబేటుతో పన్ను సున్నా అయ్యేవారికి డివిడెండ్ భారం కాదు. రిటర్ను వేసి టీడీఎస్ వెనక్కి తెచ్చుకుంటే చాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ల (బాండ్ల వంటి వాటిలో పెట్టేవి) లాభానికీ శ్లాబు రేటే కాబట్టి అక్కడ గ్రోత్ ఇచ్చేది వాయిదా మాత్రమే. వాయిదా కూడా లాభమే అంటాను.

ఇప్పటికే రీఇన్వెస్ట్‌మెంట్‌లో ఉన్నవారు కంగారుగా గ్రోత్‌కు దూకవద్దు. ఆ మార్పును అమ్మకంగానే చూస్తారు. ఏడాది నిండని ఈక్విటీ యూనిట్ల లాభంపై 20 శాతం పన్ను, ఎగ్జిట్ లోడ్ (గడువుకు ముందే అమ్మితే ఫండ్ కోసే రుసుము) ఉంటే అదీ పడతాయి. ముందు డివిడెండ్ చేతికొచ్చేలా మార్చుకుని, ఆఖరి విడతకు ఏడాది నిండాక గ్రోత్‌కు వెళ్లండి.