ఉలాన్-ఉదే లెనిన్ తల: చూడదగినదేనా?

రష్యాలోని బుర్యాతియా రాజధాని ఉలాన్-ఉదే నడిబొడ్డున, ప్రభుత్వ భవనాల నడుమనున్న సోవియట్ల కూడలిలో, ఎత్తైన పీఠం మీద లెనిన్ తల ఒక్కటే ఉంటుంది. 7.7 మీటర్ల ఎత్తు, 42 టన్నుల బరువు గల ఈ కంచు శిల్పాన్ని లెనిన్ శతజయంతి సందర్భంగా తలపెట్టి, 1971 నవంబరులో ఆవిష్కరించారు. దీనిని మలచినవారు గియోర్గీ నెరోదా, ఆయన కుమారుడు యూరీ నెరోదా.

సోవియట్ కాలంలో ఊరూరా నిలిపిన లెనిన్ విగ్రహాలు చాలావరకు ఒకే పోత: పొడవాటి కోటు, ముందుకు చాచిన చెయ్యి, ఒక్కోసారి పిడికిట్లో టోపీ. ఎటు నడవాలో ఆ చెయ్యే చెబుతుంది కనుక ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ చెయ్యీ లేదు, భుజాలూ లేవు. కాబట్టి కనుబొమల ముడి, బిగిసిన పెదవులు, కొసదేరిన గడ్డం తప్ప చూపు నిలపడానికి మరేదీ దొరకదు. నా దృష్టిలో ఈ శిల్పానికున్న బలమంతా ఆ లోటులోనే ఉంది.

అయితే ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది ముఖ్యం. పీఠం దగ్గరకు చేరితే గడ్డం అడుగుభాగం, ముక్కుపుటాలు తప్ప ముఖం కనబడదు. కూడలి అవతలి అంచుకు వెనక్కి నడిస్తేనే పోలికలు కుదురుకుంటాయి. పక్కనుంచి చూసినప్పుడు మాత్రం ఆ గాంభీర్యం సడలి, నున్నటి బట్టతల గుమ్మడిపండును తలపిస్తుంది. భక్తిభావం కలిగించడమే శిల్పుల ఉద్దేశమైతే అది సగమే నెరవేరిందనాలి. ఆ కళ్లలో ఇక్కడి మంగోల్ సంతతి ప్రజలైన బుర్యాత్‌ల పోలిక ఉందన్న మాట ప్రచారంలో ఉంది గానీ, నాకు అదేమీ తోచలేదు.

చూడటానికి టికెట్టు లేదు, వేళల నియమమూ లేదు. ట్రాన్స్-సైబీరియన్ రైలు దిగినవారు స్టేషను నుంచి నడిచే వెళ్లవచ్చు. చలికాలంలో కూడలిలో మంచు శిల్పాలు వెలుస్తాయి. అప్పుడు ఈ తల ఒంటరితనం కొంత తగ్గి, జనసందడిలో కలిసిపోతుంది. కానీ జనవరి చలి సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది కనుక, శిల్పం కోసమే వచ్చేవారికి వేసవి మేలు. సమీపంలోని ఒపేరా భవనాన్ని కూడా కలుపుకొన్నా ఇక్కడ గంటసేపు సరిపోతుంది. మిగిలిన పూటను ఊరి వెలుపల, 1945లో సోవియట్ పాలనలోనే నెలకొన్న ఇవోల్గిన్‌స్క్ బౌద్ధ విహారానికి కేటాయించుకోవడం మంచిది.