మూడే ముక్కల బోర్డు: నల్లగొండల జ్వరాల డాక్టరు

ప్రకాశం బజార్ల నాకు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉన్నది. 16 ఏండ్ల సంది డాక్టర్ల బోర్డులు, చిట్టీ ప్యాడ్లు చేస్తున్న. అందుకే ఏ దవాఖానకు పోయినా ముందు బోర్డు చదువుత, తర్వాతనే డాక్టరు మొఖం చూస్త. పేరు పక్కన ఏడెనిమిది డిగ్రీలుంటే అడుగు లెక్కల నాకు లాభమే గని, రోగంతోని పోయినప్పుడు మాత్రం అనుమానమొస్తది. గుర్తింపున్న డిగ్రీలే రాసుకోవాలె, రిజిస్ట్రేషన్ నంబర్ క్లినిక్‌ల, చిట్టీ మీద కనవడాలె అని మెడికల్ కౌన్సిల్ 2002లనే రూల్ పెట్టింది. ఎంతమంది పాటిస్తున్నరో నా కంప్యూటర్ల ఉన్న ఫైళ్లకు తెలుసు.

గడియారం కాడికెళ్లి నడిచిపోయేంత దూరంల ఉన్న, నేనిప్పుడు రివ్యూ రాస్తున్న ఈ క్లినిక్ బోర్డు మీద మూడే ముక్కలు. ఎంబీబీఎస్, ఎండీ జనరల్ మెడిసిన్, డీఎం ఇన్ఫెక్షియస్ డిసీజెస్, అంటే ఎండీ మీద అంటురోగాల చదువు. కింద నంబర్. ఫాంటు మాత్రం దరిద్రం, అది నా షాపుది కాదు.

నేను పోయేసరికి జ్వరం తొమ్మిదో రోజు. ముందు మా గల్లీ ఆర్‌ఎంపీ రెండు సూదులేసిండు. తగ్గకపోతే ఒక నర్సింగ్ హోంల చేరిన, పేరు వద్దు. వైడల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నరు. అయిదు రోజులు సెలైన్ల సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించిన్రు. పొద్దున జెర నిమ్మళం, పొద్దుమీకితే మళ్ల 103. తలకాయ ఎవడో డ్రిల్లింగ్ మిషన్‌తోని తొలుస్తున్నట్టు. మా ఇంటామె ఇగ ఆగలే. "హైదరాబాద్‌కెళ్లి ఒక డాక్టరు నెలకు రెండు ఆదివారాలొస్తడట, అంటురోగాల డాక్టరట, లే" అని ఆటో ఎక్కిచ్చింది.

అంటురోగాలనంగనే నాకు ఎయిడ్స్ మతికొచ్చింది. నా ఒక్కనికే కాదు, బెంచీ మీద ఒకాయన మొఖానికి తువ్వాల చుట్టుకొని గోడ దిక్కు తిరిగి కూసున్నడు. ఎవరన్న చూస్తరని.

మూడు గంటలు కూసోవెట్టిన్రు. ఫోన్ చేస్తే టోకెన్ ఇస్తమంటరు, ఫోనేమో ఎత్తరు. పన్నెండు కుర్చీలకు పాతిక మంది, కిటికీ ఒక్కటే, దగ్గెటోళ్ల పక్కన చంటిపిల్లలు. అంటురోగాల డాక్టరు దగ్గర ఇదేం పద్ధతో నాకు సమజ్ కాలే. ఒక స్టార్ ఇక్కడనే కోసిన.

లోపలికి పోయినంక మాత్రం వేరే కథ. డాక్టరు ముందుగాల నాడి పట్టలే. నర్సింగ్ హోం కాయితాలన్నీ తారీఖుల వారీగ పేర్చిండు. ఇగ అడుగుడు షురూ. షాపుల ఎలుకలున్నయా? కాయని పాలు తాగుతరా? ఇంట్ల ఎవరికన్న టీబీ ఉన్నదా? నీళ్లెక్కడియి? జ్వరానికి ముందు మూడు వారాలల్ల ఎక్కడెక్కడ తిరిగినవన్నా?

ఎక్కడికీ పోలే అన్న. మా ఇంటామె అందుకున్నది: "దేవరకొండ దిక్కు మా తమ్ముని బత్తాయి తోటకు పోలేదా, గడ్డి కోపిచ్చినమని రెండు రోజులు ఆడనే పండలేదా?" ఆయన కలం కింద పెట్టి అంగీ ఇప్పమన్నడు. చంకలు, మెడ వెనక, బొడ్డు చూసిండు. ప్యాంటు జెర కిందికి జరపమన్నడు. బెల్టు కింద నడుం మీద నల్లటి పక్కు, సిగరెట్ ఆర్పినట్టు, చుట్టూ ఎర్రగ. నొప్పి లేదు, దురద లేదు. బెల్టు ఒరిసిందనుకున్న నేను. తొమ్మిది రోజులల్ల ఇద్దరు చూసిన్రు గని నా బెల్టు ఎవరూ ఇప్పియ్యలే.

స్క్రబ్ టైఫస్ అన్నడు. గడ్డిల, పొదలల్ల ఉండే చిన్న పురుగు పిల్ల కుడితే వచ్చెడిదట. కంటికి సరిగ్గ ఆనదు. టైఫాయిడ్ వేరే, టైఫస్ వేరే. నాలాంటోడు ప్రూఫ్ చూస్తే అచ్చుతప్పనుకొని దిద్దుతడు! ఒక్క వైడల్ చూసి టైఫాయిడని ఖాయం చెయ్యొద్దు, యాంటీబయాటిక్ షురూ చేసే ముందే రక్తం కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు పంపాలె అన్నడు. నాకు ఎక్కిస్తున్న సూది ఈ రోగానికి పనిచెయ్యదన్నడు. చిట్టీ మీద దాన్ని గీత కొట్టి డాక్సీసైక్లిన్ 100 ఎంజీ, పొద్దుకొకటి మాపుకొకటి, 7 రోజులు రాసిండు. రక్తం ల్యాబుకు పంపిండు గని రిపోర్టు దాక ఆగొద్దు, ఇయ్యాల్నే మింగమన్నడు. గోలీలకు వంద రూపాయలు కూడ కాలే. నర్సింగ్ హోం బిల్లు చెప్తే మీరు నవ్వుతరు.

చిట్టీ రాస్తుంటే నా పని గుణం ఊకుంటదా. "సార్, డీఎం అని గుండె డాక్టర్లకు రాసిన, నరాల డాక్టర్లకు రాసిన, జ్వరాలకు ఎన్నడూ రాయలే" అన్న. నవ్విండు. హౌస్‌సర్జన్ కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేండ్లు, ఎండీ 3, ఆ మీద డీఎం ఇంకో 3. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వెల్లూరు సీఎంసీ అసొంటి జాగలల్ల ఉంటదట ఈ చదువు, సీట్లు తక్కువ. అండ్లకు పోకముందు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ల పనిచేసిండట. మా అవ్వ ఇప్పటికీ దాన్ని కోరంటి దవాఖాన అనే అంటది, క్వారంటైన్ అన్న మాట మనోళ్ల నోట్ల అట్ల అయింది. ఆ దవాఖాన అసలు పేరు రొనాల్డ్ రాస్ మీద ఉన్నది. దోమ కడుపుల మలేరియా క్రిమిని 1897ల సికింద్రాబాద్‌ల పట్టుకున్నాయన. ధనుర్వాతం, కుక్కకాటు, గొంతువాపు (డిఫ్తీరియా), అన్నీ అక్కడ కండ్లార చూసిన అన్నడు మా డాక్టరు. హైదరాబాద్‌ల ఇప్పుడు ఆయన పని, వేరే డాక్టర్లు పిలిస్తే ఐసీయూలకు పోయి చూసుడు. సగం పని మందులు రాసుడు కాదట, రాసినయి కొట్టేసుడట.

రెండో నాడు పొద్దుమీకి జ్వరం రాలే. మూడో నాడు బువ్వ రుచి తెలిసింది, షాపు తెరిచిన.

తర్వాత ఆదివారం రిపోర్టు చూపెట్ట పోయి, "సార్, మీ బోర్డు నేను మంచిగ చేసిస్త, అంటురోగాలు తీసేసి జ్వరాల నిపుణులు అని పెడదాం, జనం బెదరరు" అన్న. తువ్వాల ఆయన నాకింకా కండ్ల ముందటనే ఉన్నడు. కొంచెంసేపు ఆలోచన చేసి సరేనన్నడు. గని పేరు చిన్నగ పెట్టి, "పాత చిట్టీలు, వాడిన గోలీల పట్టీలు అన్నీ తెచ్చుకోండి" అన్నది పెద్దగ పెట్టమన్నడు. ఇన్నేండ్లల్ల పేరు చిన్నగ చెయ్యమన్న గిరాకీ నాకు తగల్లే.

అయిదుకు నాలుగు ఇస్తున్న. బోర్డు పైసలు పూర్తిగ ఇచ్చిండు, ఆ రోజు నా ఫీజు కూడ పూర్తిగనే తీసుకున్నడు.