అయిదేళ్లు అడ్మిన్‌గా చేశాక: గ్రూపు తాళం పనిచేస్తుందా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి నేను అడ్మిన్ అయ్యి అయిదేళ్లు దాటింది. ఎవరూ ముందుకు రాకపోతే నా మెడకి చుట్టుకుంది, అంతే. 96 ఫ్లాట్లు, దాదాపు 170 మంది. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ల దగ్గర మొదలైన మాట అరగంటలో "మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ల సంగతి మాకు తెలీదా" దాకా వెళ్లిపోతుంది. కాబట్టి అడ్మిన్‌కి ఉన్న సెట్టింగులన్నీ నలిగేదాకా వాడా.

అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టే సెట్టింగు 2018 నుంచీ ఉంది, మేం దాన్ని తాళం అంటాం. మొదట్లో తప్పుగా వాడాను. మెయింటెనెన్స్ పెంపు మీద గొడవ ముదిరితే మూడు రోజులు తాళం వేసి కూర్చున్నా. రెండో రోజుకే సీ బ్లాకు వాళ్లు వేరే గ్రూపు పెట్టుకుని నన్ను తప్ప అందర్నీ చేర్చుకున్నారు. ఇక్కడేమో ఇంకో అడ్మిన్ అయిన సెక్రటరీ, గొడవలో ఒక పక్షం ఆయనే, అవతలివాళ్ల నోళ్లు కట్టేసి ఉన్నాయి కదాని తన వాదన తను రాసుకుంటూ పోయాడు. ఇప్పుడు రాత్రి పదిన్నరకి వేసి పొద్దున ఏడింటికి తీస్తున్నా, ఎప్పుడు తీస్తానో వేసేముందే చెప్తున్నా. పడుకుని లేచాక సగం మందికి రాద్దామనుకున్నది రాయబుద్ధి కాదు.

2022లో అడ్మిన్ ఎవరి మెసేజైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలొచ్చింది. బాగుంది, కానీ ఫలానా అడ్మిన్ తీశాడని అక్కడ పడుతుంది, ఇక రెండో గొడవ దాని మీద. అందుకే ముందు ఫోన్ చేస్తా. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్, అంతకుముందు రెండు వారాలు మా గ్రూపు చూడాలి! మూడో అంతస్తు అంకుల్‌కి ఫోన్ చేసి, "నేను తీస్తే నా పేరు పడుతుంది అంకుల్, మీరే తీసేస్తే మర్యాదగా ఉంటుంది" అన్నా. "నువ్వు వాళ్ల పార్టీ అని నాకు ముందే తెలుసు" అని విసుక్కుని, అయిదు నిమిషాల్లో తీసేశారు. మర్నాడు అవతలి పార్టీ ఆయన కూడా అదే మాటన్నాడు.

మా కాలేజీ బ్యాచ్ గ్రూపు టెలిగ్రామ్‌లో ఉంది, అక్కడ స్లో మోడ్ వాడతాం. కొన్ని సెకన్ల నుంచి గంట దాకా పెట్టుకోవచ్చు, మేం అయిదు నిమిషాలు పెట్టాం. ఒకటి రాస్తే మళ్లీ రాయడానికి అయిదు నిమిషాలు ఆగాల్సిందే. ముక్కలు ముక్కలుగా విసిరేవాళ్లు పేరాలు కూర్చి రాయడం మొదలెట్టారు. చదవడం కాస్త బోరే, తిట్లు మాత్రం తగ్గాయి. నాకైతే తాళం కంటే ఇదే మేలనిపించింది.

సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చెయ్యలేమని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ వార్త మా ఆవిడకి చూపించా. అయినా రాత్రిళ్లు నా ఫోన్ హాల్లోనే పెట్టిస్తుంది.

మనిషిని గ్రూపులోంచి తీసెయ్యడం అయిదేళ్లలో ఒక్కసారే చేశా. ఆ సాయంత్రమే లిఫ్టులో మేమిద్దరమే పడ్డాం. ఆయనది ఎనిమిదో అంతస్తు, నాది తొమ్మిది. రాత్రికి మళ్లీ చేర్చేశా.