పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్: డేటా టైపులు కుదరని ఫైళ్లతో ఏళ్లుగా వాడాక

చిక్‌పేట హోల్‌సేల్ కొట్టు అమ్మకాల లెక్క, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల అద్దె జాబితా, విజయవాడ బ్రాంచి పంపే కస్టమర్ల చిరునామాలు: బెంగళూరులో మన చేతికి వచ్చే సీఎస్‌వీ ఫైళ్లు (విలువలను కామాలతో విడదీసి రాసిన టెక్స్ట్ ఫైళ్లు) ఎక్కువగా ఎక్సెల్‌లో పుట్టినవే. వాటిని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి చేర్చడానికి, ఫైలును ఒకేసారి టేబుల్‌లోకి ఎక్కించే దాని కాపీ కమాండే వాడుతున్నాను. కాపీ వేగం అందరికీ తెలిసిందే. ఫైల్లోని విలువ కాలమ్ టైపుకు (అంకె, తేదీ, టెక్స్ట్ లాంటి రకానికి) కుదరనప్పుడు అది ఏం చేస్తుందన్నది చూసుకోవాలి.

ఒక్క వరుసలో ఒక్క విలువ కుదరకపోయినా మొత్తం లోడ్ ఆగిపోతుంది. కొత్తవాళ్లకు ఇది చిరాకు తెప్పిస్తుంది గానీ, నాకు నచ్చిన గుణం ఇదే. మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌లో ఇదే పని చేసే లోడ్ డేటా కమాండ్‌ను లోకల్ ఆప్షన్‌తో వాడితే, అంకెల కాలమ్‌లో పడిన అక్షరాలు సున్నాగా మారి లోపలికి పోతాయి, ఒక వార్నింగ్ మాత్రం మిగులుతుంది. సున్నా అయిపోయిన బాకీని తర్వాత ఎవరు పట్టుకుంటారు? పోస్ట్‌గ్రెస్ అయితే లైను నంబరు, కాలమ్ పేరు, తప్పు విలువ చెప్పి ఆగుతుంది. అప్పటిదాకా రాసిన వరుసలు కనిపించవు కానీ డిస్క్‌లో చోటు మాత్రం తింటాయి. పెద్ద ఫైలు పదేపదే ఫెయిలైతే ఆ చోటును తిరిగి వాడుకోనిచ్చే వ్యాక్యూమ్ కమాండ్ నడపక తప్పదు.

ఎక్కువగా తగిలే ఎర్రర్లు కొన్నే. 1,25,000.50 అని కామాలతో వచ్చిన మొత్తాన్ని న్యూమరిక్ (దశాంశాల) టైపు ఒప్పుకోదు. పది అంకెల మొబైల్ నంబరు ఇంటిజర్ (పూర్ణాంకాల) టైపులో పట్టదు, దాని హద్దు 2147483647. పెద్ద పూర్ణాంకాల టైపు బిగ్‌ఇంట్ పెడితే పడుతుంది గానీ, కూడికలూ తీసివేతలూ లేని నంబరుకు టెక్స్ట్ టైపే సరి. పైగా 080 అనే ఎస్‌టీడీ కోడ్ అంకెగా మారితే 80 అయిపోతుంది. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో ఖాళీలున్న పూర్ణాంకాల కాలమ్ మామూలుగా ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయి 12.0 అని రాస్తుంది, ఇంటిజర్ దాన్ని తిప్పికొడుతుంది. సీఎస్‌వీలో కొటేషన్ గుర్తులు లేని ఖాళీ నల్ (విలువ లేదనే గుర్తు) అవుతుంది. కొటేషన్ల మధ్య ఖాళీ మాత్రం ఖాళీ స్ట్రింగే (అక్షరాలు లేని టెక్స్టే) కాబట్టి అంకెల కాలమ్‌లో ఎర్రర్ ఇస్తుంది. అలాంటి కాలమ్‌లలో దాన్ని కూడా నల్‌గా తీసుకోవడానికి ఫోర్స్ నల్ ఆప్షన్ ఉంది. మొదటి కాలమ్ మొదటి విలువ చూడటానికి సరిగ్గానే ఉన్నా ఎర్రర్ వస్తోందంటే, ఫైలు మొదట్లో బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్ తెలిపే కంటికి కనబడని గుర్తు) ఉందేమో చూడండి. ఎక్సెల్ యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు దాన్ని పెడుతుంది.

ఎర్రర్ వస్తే మంచిదే. భయపడాల్సింది రానివాటికి. తేదీని ఏ వరుసలో చదవాలో చెప్పే డేట్‌స్టైల్ సెట్టింగ్ ఎండీవైలో (నెల, రోజు, ఏడాది) ఉంటే 25/04/2024 దగ్గర లోడ్ ఆగుతుంది, కానీ 03/04/2024 మాత్రం మార్చి 4గా నిశ్శబ్దంగా చేరిపోతుంది. ఫైల్లో పన్నెండో తేదీ దాటినవి లేకపోతే తప్పు బయటపడే దారే లేదు. అందుకే మన ఫైళ్లకు ముందే డేట్‌స్టైల్‌ను డీఎంవైకి (రోజు, నెల, ఏడాది) మార్చాలి. న్యూమరిక్ కాలమ్ ఎన్‌ఏఎన్ (సంఖ్య కాదు) అనే మాటను కూడా ఒప్పుకుంటుంది, అలాంటిది ఒక్కటి చేరినా ఆ కాలమ్ కూడిక ఎన్‌ఏఎన్ అవుతుంది. రెండు దశాంశాల కాలమ్‌లో 12.345 చెప్పాపెట్టకుండా 12.35 అవుతుంది. ఇక ఎక్సెల్‌లోనే పాడైనవాటిని ఏ డేటాబేసూ బాగుచేయలేదు: మన ఆంధ్రా డోర్ నంబరు 6-3-12 తేదీగా మారిపోతుంది, ఫ్లాట్ 12ఈ5 పన్నెండు లక్షలవుతుంది, పదహారంకెల ఖాతా నంబరులో చివరి అంకె సున్నా అవుతుంది. వాటికి మూల ఫైలు మళ్లీ అడగాల్సిందే.

ఈ చిక్కులన్నిటికీ నేను నమ్మే పద్ధతి స్టేజింగ్ టేబుల్, అంటే అసలు టేబుల్‌కు ముందు డేటాను దించి సరిచూసే తాత్కాలిక టేబుల్. అన్‌లాగ్డ్ టేబుల్ (రికవరీ లాగ్ రాయనిది) ఒకటి తీసి, మొదట తనంతట తానే వరుస నంబర్లు వేసుకునే ఐడెంటిటీ కాలమ్ పెట్టి, మిగతావన్నీ టెక్స్ట్‌గానే ఉంచండి. కాపీలో ఐడెంటిటీని వదిలి మిగతా కాలమ్‌ల పేర్లు రాయండి. కొత్తగా తీసిన టేబుల్‌లో మొదటిసారి లోడ్ చేస్తే, ఆ ఐడీకి హెడర్ (కాలమ్ పేర్ల లైను) కోసం ఒకటి కలిపితే ఫైల్లో లైను నంబరు దొరుకుతుంది, కొటేషన్ల లోపల కొత్త లైన్లు లేనంతవరకు. ఆ తర్వాత అంచుల్లోని స్పేస్‌లకు ట్రిమ్, కామాలు తీయడానికి రీప్లేస్, ఖాళీలను నల్ చేయడానికి నల్‌ఇఫ్ ఫంక్షన్లు. పోస్ట్‌గ్రెస్ 16వ వెర్షన్‌లో వచ్చిన పీజీ ఇన్‌పుట్ ఈజ్ వ్యాలిడ్ ఫంక్షన్‌కు విలువా, టైపు పేరూ ఇస్తే ఎర్రర్ లేకుండా అవునో కాదో చెబుతుంది. కాదన్న వరుసలను వేరే టేబుల్‌లోకి తోసి, ఫైలు పంపినవాళ్లకు లైను నంబర్లతో తిప్పి పంపవచ్చు. తేదీలకు మాత్రం ఈ ఫంక్షన్ కూడా డేట్‌స్టైల్‌నే చూస్తుంది, దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. జీఎస్‌టీ నంబరు లాంటి వాటికి టైపు పరీక్ష చాలదు. పదిహేను అక్షరాలున్నాయా, కర్ణాటక డీలరైతే 29తో మొదలైందా అని విడిగా చూడాలి.

17వ వెర్షన్‌లో కాపీకే ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ అనే ఆప్షన్ వచ్చింది. టైపు కుదరని వరుసలను వదిలేసి, ఎన్ని వదిలిందో చివర్లో చెబుతుంది. లాగ్ వెర్బోసిటీని వెర్బోస్‌గా పెడితే ఏ లైను, ఏ కాలమ్ అన్నదీ చెబుతుంది. 18లో రిజెక్ట్ లిమిట్ చేరింది: హద్దు దాటితే లోడ్ ఆగుతుంది. అయితే ఇది టైపు మార్పిడి తప్పులకే. నాట్ నల్ (ఖాళీ ఉండకూడదు), యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) నిబంధనలు తప్పినా, కాలమ్‌ల సంఖ్య తేడా వచ్చినా ఎప్పటిలాగే ఆగుతుంది. వదిలేసిన వరుసలను ఏ టేబుల్‌లోనూ దాచదు కూడా. సర్వర్ లాగ్ ఫైళ్లకు ఇది చక్కగా సరిపోతుంది, డబ్బు లెక్కలున్న ఫైలుకు మాత్రం నేను పెట్టను.